ఒక చెయ్యి తక్కువ

అందరం కలిసి పని చేసుకుని కలిసి తినే మా కిబుట్జ్ సభల మినిట్స్ పుస్తకం ఎవరైనా పనిలేక తిరగేస్తే ప్రతి పేజీలోనూ కూడిక తప్పినట్టు కనిపిస్తుంది. హాజరైనవారు ఇంతమంది అని పైన ఉంటుంది. అనుకూలం, వ్యతిరేకం, తటస్థం అని కింద మూడు లెక్కలుంటాయి. మూడూ కూడితే పై లెక్కకి ఒకటి తక్కువ వస్తుంది. కార్యదర్శులు మారారు, చేతిరాతలు మారాయి, ఆ ఒకటి మాత్రం మారలేదు. ఆ ఒకటి నేనే.

మా దగ్గర దేనికైనా చెయ్యెత్తాల్సిందే. ఆవుల కొట్టానికి కొత్త రేకులు వెయ్యాలా, నర్సు చదువుకి ఎవరిని పంపాలి, పిల్లలందరూ కలిసి ఉండే పిల్లల ఇంటికి రేడియో కావాలా వద్దా, అన్నిటికీ చేతులే. ఆఖరికి నాకు ఎటూ తోచట్లేదు అని చెప్పటానికి కూడా చెయ్యెత్తాలి. నేను ఎత్తను. శనివారం సాయంత్రం భోజనాల హాల్లో గోడవారగా మూడో బల్ల దగ్గర కూచుని మేజోళ్ళు అల్లుకుంటాను. ఆడవాళ్ళలో సగం మంది సభలో అల్లుకుంటూనే ఉంటారు కాబట్టి దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కాకపోతే ఓటు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు అల్లిక సూదులు ఒళ్ళో పెట్టుకుని చెయ్యెత్తుతారు. నా సూదులు ఆగవు.

మొదట్లో అడిగేవాళ్ళు. తరవాత వెక్కిరించారు. ఫేలా చేతికి రేషన్ కార్డుందని పాల డెయిరీ వాళ్ళు నవ్వేవారు. ఆ తరవాత అదీ పోయింది. కుంటివాణ్ణి ఎందుకు కుంటుతున్నావని రోజూ ఎవరడుగుతారు?

హెన్యా మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆమెకి కారణం తెలుసు. పధ్నాలుగేళ్ళు బట్టల గదిలో ఇద్దరం పక్కపక్కనే పని చేశాం. కిబుట్జ్ మొత్తం బట్టలు అక్కడికే వస్తాయి, ఉతికినవీ చిరిగినవీ. కిటికీ కింద రెండు కుట్టు మిషన్లు, ఒకటి ఆమెది, ఒకటి నాది. నేను కుడితే ఆమె మాట్లాడేది. ఆమె కుట్టేటప్పుడు కూడా ఆమే మాట్లాడేది.

యాభై రెండులో మన ప్రభుత్వం జర్మనీతో నష్టపరిహారం ఒప్పందానికి కూర్చుంటోందని రేడియోలో విన్న రోజు, హెన్యా గది తాళం నా ఒళ్ళో పడేసి, లారీ ఎక్కి జెరూసలేం నిరసన ఊరేగింపుకి వెళ్ళింది. గొంతు పోగొట్టుకుని తిరిగొచ్చింది. ఒప్పందం ఆగలేదు. ఓడలొచ్చాయి, యంత్రాలొచ్చాయి, రైలు పెట్టెలొచ్చాయి. ఆ పెట్టెలొచ్చినప్పటి నుంచీ హెన్యా రైలెక్కలేదు. కళ్ళ డాక్టరు కోసం హైఫాకి మూడు బస్సులు మారి పోయేది.

దీని మీద ఆమెని ఏడిపించటం లుట్జ్‌కి సరదా. ఎవరు ఏ పనికి వెళ్ళాలో రోజూ పలక మీద రాసేది అతనే. జర్మనీలో బ్రెస్లావులో పుట్టి, ముప్ఫై నాలుగులోనే, అంటే అసలు కథ మొదలవకముందే ఇక్కడికి వచ్చేశాడు. ముప్ఫై ఏళ్ళయినా హీబ్రూ అతని నోట్లో ఎండిన రొట్టెముక్కే.

"హెన్యా, మన బోరు పంపు కూడా అక్కణ్ణించే వచ్చింది. నీళ్ళు తాగటం మానేస్తావా?"

"మానను లుట్జ్. తాగి మరీ తిడతాను. నోరెండిపోతే తిట్టేదెలా?"

ఆమె సంగతి అలా ఉండేది. నాకు కోపం కూడా రాదు. ఎందుకు రాదో ఒకసారి హెన్యాకి చెప్పాను, ఒక్కసారే, నడుము బెల్టు గుండీలు కుడుతూ.

మా పుట్టినూరి తోళ్ళ ఫ్యాక్టరీ ఆవరణలో, నలభై రెండు ఆగస్టులో, జర్మన్లు మమ్మల్ని వరసగా నిలబెట్టారు. పొడుగాటి బూడిదరంగు కోటు వేసుకున్నాయన ఒకడు వచ్చాడు. అరవలేదు. ఆఫీసులో గుమాస్తాని అడిగినట్టు మామూలుగా, జర్మన్‌లో అడిగాడు. "కుట్టు పని ఎవరికి వచ్చు? వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి." నా పక్కన మా చెల్లెలు బ్రోన్యా ఉంది. పదిహేడేళ్ళు. పుస్తకాల పురుగు. సూదిలో దారం ఎక్కించటం కూడా రాదు. నేను దాని కాలు తొక్కాను, ఎత్తవే అని. "నాకు రాదుగా అక్కా, పరీక్ష పెడితే?" అంది. అది నా కుడిచెయ్యి పట్టుకుని ఉంది. నేను ఆ చెయ్యి విడిపించుకుని పైకెత్తాను. ఎడమచెయ్యి ఎత్తొచ్చన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తరవాత తట్టింది.

ఎత్తినవాళ్ళని ఒక గేటు లోంచి తీసుకెళ్ళారు. ఎత్తనివాళ్ళని రైలు దగ్గరికి తీసుకెళ్ళారు. అంతే.

హెన్యా విన్నది. ఓదార్చలేదు. బెల్టు నా చేతిలోంచి తీసుకుని మిగిలిన గుండీలు తను కుట్టింది. మా ఆయన ఆన్షెల్‌కి ఈ సంగతి నేను చెప్పలేదు. అతని మొదటి పెళ్ళాం, కొడుకు కూడా అలాంటి రైళ్ళు పోయిన చోటే పోయారు. వాళ్ళ పేర్లు అతను నాకు చెప్పలేదు. మేమిద్దరం ఒకరి సంచీ ఒకరం వెతకని మనుషులం. అలాగే పదిహేనేళ్ళు కాపరం చేశాం, బాగానే చేశాం.

పోయిన చలికాలం చివర్లో హెన్యా మూత్రపిండాలు పాడయ్యాయి. అఫూలా ఆస్పత్రికి చూడ్డానికి వెళితే, మొహం ఉబ్బిపోయి, నోరు మాత్రం పాతదే పెట్టుకుని పడుకుని ఉంది.

"ఒసే ఫేలా, కొండవతల కిబుట్జ్‌కి జర్మన్ కుర్రాళ్ళు వచ్చారట, తెలుసా? ఊరికే పని చేస్తారట. ప్రాయశ్చిత్తమట."

"విన్నాను."

"రేపో మాపో మన గేటు దగ్గరికీ వస్తారు. కార్యదర్శి యిఫ్తాఖ్ ఓటు పెడతాడు. అప్పటికి నా చెయ్యి ఉండదు. వద్దని నీది ఎత్తు."

"నా వల్ల కాదే."

"వంద సార్లు అడగట్లేదు, ఒక్కసారి. నీ చెయ్యి కాదు, నా చెయ్యనుకో. నీ దగ్గర దాచుకున్నాననుకో."

"సరే" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, నమ్మినట్టే, కళ్ళు మూసుకుంది. పదకొండో రోజున పోయింది. సమాధి దగ్గర అందరూ ఏడిచారు. నేను ఆమె మీద కప్పిన దుప్పటి అంచు కుట్టు ఊడుతోందని చూస్తూ నిలబడ్డాను.

మే నెలలో ఉత్తరం వచ్చింది. పన్నెండు మంది జర్మన్ యువకులు, యువతులు, ఆరు నెలల పాటు, తోటపనీ, పిల్లల ఇంటికి కొత్త గది కట్టే పనీ చేస్తామని రాశారు. సభ పెట్టారు.

ఆ శనివారం హాలు నిండిపోయింది. ఆవులు పితికేవాళ్ళు కూడా పని ముందే ముగించుకుని వచ్చారు. కార్యదర్శి యిఫ్తాఖ్ ఇక్కడే పుట్టినవాడు, ముప్ఫై ఏళ్ళు, బూట్లకి ఎప్పుడూ మట్టే. వాడికి ఇదంతా అర్థం కాలేదని అనను. కాని వాడు ఆ ఉత్తరం చదివిన తీరు ట్రాక్టరు టెండరు చదివినట్టే ఉంది.

"వాళ్ళకి ఇరవై ఏళ్ళు కామ్రేడ్స్. యుద్ధం అయిపోయేటప్పటికి తల్లిపాలు తాగుతున్నారు. అమ్మానాన్నలు చేసింది పిల్లల నెత్తిన రుద్దుదామా?"

లీపా లేచాడు. మొదటి గుడారం వేసినవాళ్ళలో ఒకడు, డెబ్భై దగ్గర పడ్డాడు, హెన్యా పోయాక వ్యతిరేకుల పక్షాన నిలబడి మాట్లాడేది ఇక ఆయనే.

"రుద్దొద్దు. ఎవరు రుద్దమన్నారు? వాళ్ళకి మనసు తేలిక కావాలి, సంతోషం. వాళ్ళ మనసు తేలిక చెయ్యటానికి నా పెరడెందుకు? వాళ్ళ దేశం వాళ్ళు ఇక్కడ రాయబార కార్యాలయం పెడతామంటున్నారు, జెండా ఎగరేస్తామంటున్నారు. ఇవాళ పార ఇచ్చాం, రేపు జెండాకర్ర పాతటానికి గుంట తవ్వుతారు. ఆ గుంటకి మనమే చోటు చూపిస్తామా?"

"లీపా, పిల్లల ఇంటికి గది కావాలయ్యా" అన్నారెవరో.

"నేను కడతాను. వెన్ను విరిగినా కడతాను."

"నీ వెన్ను తొమ్మిదేళ్ళ కిందే విరిగిందిగా" అన్నాడు లుట్జ్. నవ్వులు లేచాయి. లీపా కూడా నవ్వాడు, అదే ఆయనలో మంచితనం.

ఆన్షెల్ మాట్లాడతాడని నేను అనుకోలేదు. లేచి నిలబడి, టోపీ చేతిలో నలుపుతూ, "రానీండి. వచ్చి రాళ్ళు మొయ్యనీండి. ఎండకి వీపు కాలనీండి. నాకు వాళ్ళ మీద ప్రేమ లేదు, పగ పెట్టుకునే ఓపిక కూడా లేదు" అని కూచున్నాడు. అతని మీద నాకు కోపం రావాలి. రాలేదు. అతని కాలర్ తిరగేసి కుట్టాలని మాత్రం అనుకున్నాను.

యిఫ్తాఖ్ అనుకూలం చేతులు ఎత్తమన్నాడు. అతనూ ఇంకొకడూ బల్లల మధ్య నడుస్తూ లెక్కపెట్టారు. అరవై నాలుగు. వ్యతిరేకం చేతులు ఎత్తమన్నాడు.

ఇప్పుడే అనుకున్నాను. నా ఒళ్ళో ఆన్షెల్ మేజోడు ఉంది, మడమ మలుపు దగ్గర. సూదులు కింద పెట్టాలి, ముందు అది. పెట్టాను. పధ్నాలుగేళ్ళలో మొదటిసారి సూదులు ఆగాయి. పక్క బల్ల ఆడవాళ్ళు చూశారు. లీపా కూడా చూశాడు, చూసి గడ్డం ముందుకి చాచాడు, కానివ్వమన్నట్టు. నా కుడిచెయ్యి నా తొడ మీద ఉంది. దాన్ని చూస్తున్నాను. ఎత్తాలని చెప్పాను దానికి. హెన్యా చెయ్యి అనుకో అని కూడా చెప్పాను. బల్ల కింద మరిచిపోయిన వస్తువులా అలాగే పడి ఉంది. వేళ్ళకి మాత్రం ఎవరో పట్టుకున్నట్టు వెచ్చగా ఉంది.

అరవై మూడు, అన్నాడు యిఫ్తాఖ్. ఇంకోసారి లెక్కపెట్టమన్నాడు లీపా. ఇంకోసారి లెక్కపెట్టారు. ఈసారి నా దగ్గరికి వచ్చి యిఫ్తాఖ్ ఒక్క క్షణం ఆగాడు కూడా. అరవై మూడే. తటస్థం తొమ్మిది. సమానం వస్తే మా దగ్గర తీర్మానం వీగిపోతుంది. సమానం రాలేదు. హాజరు నూట ముప్ఫై ఏడు, లెక్కకి వచ్చింది నూట ముప్ఫై ఆరు.

ఇంటికి నడుస్తుంటే ఆన్షెల్, "నువ్వు సూదులు కింద పెట్టావు" అన్నాడు.

"మెడ నొప్పి."

"సరే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే లీపా తన చిరిగిన పంట్లాం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"హెన్యాకి మాటిచ్చావట. చచ్చేముందు నాతో చెప్పింది, ఫేలా ఎత్తుతుంది, నువ్వు కంగారుపడకు అని."

"ఇచ్చాను."

"ఏం అడ్డం పడింది? మేజోడా?"

నేను పంట్లాం తిరగేసి చిరుగు ఎంతుందో చూశాను. "నిన్ను తిట్టటానికి కూడా నాకు ఆమె నోరు కావాలి" అని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక నాకు సిగ్గేసింది. బాధ కాదు, సిగ్గే. బాధ అయితే బాగుండేది, ఏడిస్తే పోయేది.

ఆ రోజే హెన్యా కుర్చీ మీద ఉతికిన దుప్పట్లు పేర్చాను. ఎత్తుగా, మిషన్ కనపడనంత ఎత్తుగా. ఎవరూ కూచోకూడదని. చెయ్యి అయితే ఎత్తలేకపోయాను, కుర్చీ అయినా కాపాడాలి కదా. అంతకంటే నాకు చేతనయ్యింది లేదు.

జులైలో వాళ్ళు వచ్చారు. రావటానికి రెండు రోజుల ముందు లుట్జ్ పలక చంకలో పెట్టుకుని బట్టల గదికి వచ్చాడు. మనిషి కొత్త చొక్కా అడిగి తీసుకున్నాడు ఆ వారం, నేను గమనించాను.

"ఆ దుప్పట్లు తీసెయ్ ఫేలా. నీకొక అమ్మాయిని ఇస్తాను."

"అక్కర్లేదు."

"నాలుగు నెలల చిరుగులు మూలన పడున్నాయి. డెయిరీ వాళ్ళు మోకాళ్ళు బయట పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ కుర్చీ ఎన్నాళ్ళు ఖాళీగా ఉంచుతావు?"

"ఖాళీగా లేదు. దుప్పట్లున్నాయి."

"నాతో వాదించకు తల్లీ. పని పంచటం నా పని. పోనీ నువ్వే వచ్చి ఎంచుకో, నచ్చినమ్మాయిని."

వెళ్ళాలనే నిర్ణయించుకున్నాను. వెళ్ళి, ఎవరూ నచ్చలేదని చెప్పాలి. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పాలి. అది నోటితో చేసే పని, చేత్తో కాదు, కాబట్టి చెయ్యగలనని అనుకున్నాను. ఆ మాట రెండు రోజులు మిషన్ తొక్కుతూ మనసులో అనుకుంటూనే ఉన్నాను. నాకెవరూ నచ్చలేదు లుట్జ్. నాకెవరూ నచ్చలేదు.

మధ్యాహ్నం భోజనాలవుతున్నాయి. సగం కిబుట్జ్ బల్లల దగ్గర ఉంది, దోసకాయలు తరుక్కుంటూ, పెరుగు గిన్నెలు ఒకళ్ళకొకళ్ళు అందించుకుంటూ, చూడనట్టు చూస్తూ. లీపా గోడవైపు తిరిగి కూచుని తింటున్నాడు. వంటగది తలుపు పక్కన పన్నెండు మందీ వరసగా నిలబడ్డారు. ఎవరూ నిలబడమనలేదు, వాళ్ళే నిలబడ్డారు, మర్యాద కోసం కాబోలు. ఎర్రగా కాలిన ముక్కులు. మేము ఇచ్చిన పని బట్టలు వేసుకున్నారు. చాలామందికి పొట్టి. చివరున్న అమ్మాయి పక్కమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. ఇద్దరికీ భయంగా ఉన్నట్టుంది. వాళ్ళ భయం చూసి నాకేమైనా అనిపిస్తుందేమోనని ఆగాను. ఏమీ అనిపించలేదు.

నేను వాళ్ళకి ఎదురుగా, ఆరడుగుల దూరంలో నిలబడ్డాను. నాకెవరూ నచ్చలేదు, నోట్లో సిద్ధంగా ఉంది.

లుట్జ్ పలక పట్టుకుని ముందుకొచ్చాడు. తోటకి నలుగురు, గదికి అయిదుగురు, అని హీబ్రూలో మొదలుపెట్టాడు. వాళ్ళకి అర్థం కాలేదు. అప్పుడు అతను జర్మన్‌లోకి దిగాడు. భోజనాల హాల్లో ఆ భాష గట్టిగా వినపడటం అదే మొదలు. స్పూన్ల చప్పుడు తగ్గింది. లుట్జ్ మొహం కుర్రాడి మొహంలా వెలిగింది పాపం, ముప్ఫై ఏళ్ళ తరవాత మాట తడుముకోకుండా వస్తోంది అతనికి. నలుగురిని తోటకి పంపాడు, అయిదుగురిని ఇటికల దగ్గరికి పంపాడు. ముగ్గురు మిగిలారు. పలక చూసుకున్నాడు. చేతిలో పని ఉన్న మనిషి అడిగినట్టు, మామూలుగా అడిగాడు.

"కుట్టు పని ఎవరికి వచ్చు? వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి."

అవే మాటలు. అదే వరస.

హాలంతా నా వైపు ఎందుకు చూస్తోందో నాకు వెంటనే తెలియలేదు. లుట్జ్ నవ్వాడు. "నువ్వు కాదు ఫేలా, వాళ్ళని అడుగుతున్నాను. నీకొచ్చని మాకు తెలుసు" అన్నాడు హీబ్రూలో. ఎవరో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. లీపా గోడవైపు నుంచి తిరిగాడు. ఆయన నవ్వలేదు. ఆయన చూపు నా తల కంటే పైన ఎక్కడో ఉంది. ఆ చూపు వెంట నేనూ పైకి చూశాను.

నా కుడిచెయ్యి. భుజం నుంచి నిటారుగా, వేళ్ళన్నీ చాచి.

"అయితే లేస్తుందన్నమాట" అన్నాడు లీపా. కోపంగా కూడా అనలేదు.

దించాలని నాకు తెలుసు. హెన్యా కోసం లేవనిది ఇప్పుడు నేను చెప్పకుండా లేచింది, చెప్పినా దిగట్లేదు. ఎదురుగా ఆ చివరమ్మాయి చెయ్యెత్తలేదు. పక్కమ్మాయి ఎత్తుదామని చూస్తోంది కాని ఈమె ఆమె చెయ్యి వదలట్లేదు. నేను వాళ్ళ చేతుల వంకే చూస్తున్నాను. నాకెవరూ నచ్చలేదు అన్న మాట నోట్లో అలాగే ఉండిపోయింది.

కుర్చీ జరిపిన చప్పుడైంది. ఆన్షెల్ వచ్చాడు. అతని చేతుల నిండా పాలవాసన. నా చెయ్యి మణికట్టు దగ్గర ఒక చేత్తో, మోచేతి దగ్గర ఒక చేత్తో పట్టుకుని, దూడ కాలు మడిచినట్టు మెల్లిగా కిందికి దించాడు. దించాక కూడా వదలలేదు. నా చెవి దగ్గరికి వంగాడు. హీబ్రూలో కాదు, మా చిన్నప్పటి ఇంటి భాష యిద్దిష్‌లో అడిగాడు.

"అప్పుడు నీ పక్కన ఎవరున్నారు?"

పదిహేనేళ్ళలో అతను ఎన్నడూ అడగలేదు. నేను ఎన్నడూ చెప్పలేదు.

"బ్రోన్యా" అన్నాను.